చేలెంబడి పరుగు

"చేలెంబడి ఎందుకు పరుగెత్తుతాండారప్పా, దావ లేదా?" అని ఒక అవ్వ నన్నడిగినది. మార్గశిర మాసమున ఒకనాటి ఉదయము, ఆలూరు ప్రాంతమున ఒక ఉన్నత పాఠశాలకు చెందిన బాలబాలికలు నలుబదిమంది వరకు, పత్తి తీసివేసిన నల్లరేగడి చేని గట్టువెంట దిగి, ఎండిన వంకలోని ఇసుకను దాటి, ఆవలి ఎర్రమిట్ట నెక్కి, మరల బడివాకిటికి చేరుటకై పరుగెత్తుచుండగా, కంపకట్టెల మోపు నెత్తిన బెట్టుకొని ఎదురువచ్చిన ఆ వృద్ధురాలు దారి తొలగి నిలిచి, ఆశ్చర్యముతో అడిగిన మాట యది. తారు వేసిన బాట పక్కనే యుండగా దానిని విడిచి, కాలికి ముల్లు గుచ్చుకొను చోటును, ఊపిరి తిరుగని మిట్టను ఏరికోరి పరుగెత్తుటలోని అంతరార్థము ఆమెకే కాదు, చదువుకొన్నవారిలో అనేకులకును తెలియదు. నేనును నాడు సరియైన సమాధానము చెప్పలేకపోతిని. "ఇది పందెమవ్వా, దీనికి చేలే దావ" అని మాత్రమంటిని. ఆమె తలయూపి, అందరికంటె వెనుక వచ్చుచున్న ఒక చిన్నదానిని చూచి, "మెల్లగ పో పాపా, మిట్టకాడ పడ్తావు" అని హెచ్చరించి తన దారిని తాను పోయినది.

క్రాస్ కంట్రీ యను ఈ పరుగునకు తెలుగున స్థిరపడిన పేరు లేదు. పాఠశాలలును పత్రికలును ఆంగ్లపదమునే వాడుచున్నవి. పిల్లల నోట అదియే నలిగి తెలుగుమాట యైనది. అవ్వ పలికిన మాటలో విషయమంతయు ఇమిడియున్నది గనుక నేను దీనిని చేలెంబడి పరుగనియే వ్యవహరింతును. క్రీడాప్రాంగణమున జరుగు పరుగునకు 400 మీటర్ల అండాకారపు బాట యుండును; ఆ బాట కర్నూలున నున్నను కైరోలో నున్నను కొలత ఒక్కటే, చదును ఒక్కటే. కావుననే ఒకచోట పరుగెత్తినవాని కాలమును వేరొకచోట పరుగెత్తినవాని కాలముతో పోల్చి, ఎవరధికులో నిర్ణయింప వీలగును. చేలెంబడి పరుగున అట్టి వెసులుబాటు లేదు. ఒక ఊరి దారిలో రెండు మిట్టలుండును, వేరొక ఊరి దారిలో బురద యుండును, మరియొకచోట గడ్డి మోకాలెత్తు పెరిగియుండును. రాత్రి వాన కురిసినచో నిన్నటి దారి నేటి దారి కాదు. అందుచేత ఈ క్రీడకు ప్రపంచ రికార్డనునది లేదు. గడియారమెంత చూపినదను ప్రశ్నకు ఇచ్చట విలువ స్వల్పము. ఎందరికి ముందుగా వచ్చితివన్నదే ప్రధానము.

పరుగు ఆరంభమగు తీరు చూడదగినది. విశాలమైన బయలున సున్నముతో పొడవైన గీత గీయుదురు. చెస్ట్ నంబరు గుడ్డలను పిన్నీసులతో రొమ్మున గుచ్చుకొన్న పిల్లలందరును ఆ గీతవెంట బారులు దీరుదురు. ఈల మ్రోగినంతనే ఒక్కుమ్మడిగా కదలి, కొంతదూరము పోయినపిదప దారి ఇరుకగునని ఎరిగినవారగుటచే, ఆ ఇరుకునకు ముందే చోటు సంపాదింపవలెనని తొందరపడుదురు. కొత్తవాడు అక్కడనే మోసపోవును: ఉన్న బలమంతయు తొలి 500 మీటర్లలోనే వెచ్చించి, ఒక కిలోమీటరు గడచునప్పటికి డొక్కలో పోటు పుట్టి, చేయి నడుమున బెట్టుకొని నిలబడును. ఎరిగినవాడు ఆరంభమున కొంత వెనుకబడుటకు సిగ్గుపడడు. మిట్ట ఎక్కునపుడు అడుగు చిన్నది చేసి, చేతులను గట్టిగా ఆడించుచు, పైకి చూడక, కాలిముందరి నాలుగు గజముల నేలనే చూచుచు పోవును. మిట్ట తుద చేరినపిమ్మట, తక్కినవారందరును ఊపిరి తీసికొనుటకై మందగించు ఆ క్షణముననే వేగము పెంచి నలుగురిని దాటిపోవును. ఈ రహస్యమును నాకు విప్పి చెప్పినవాడు ఆ పాఠశాలలోని డ్రిల్లు మాస్టారే. ఆయన పిల్లలకు ఉపదేశించు మాట ఇంకను సులభమైనది: "మిట్ట మీదికి ఎక్కినాంక పందెము మొదలుపెట్టండిరా, అంతవరకూ ఉత్త నడకే అనుకోండి."

ఈ క్రీడ పుట్టినదియు బడిలోనే. పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమున ఇంగ్లండులోని ష్రూస్‌బరీ, రగ్బీ మొదలగు పాఠశాలల బాలురు, దాగుడుమూతలను పది మైళ్ల మేరకు సాగదీసినట్టి ఒక ఆట నాడుచుండిరి. ఇద్దరు ముగ్గురు బాలురు కుందేళ్లగుదురు; సంచినిండ చించిన కాగితపు ముక్కలను దారిపొడవున చల్లుచు ముందుగా పారిపోవుదురు. తక్కినవారు వేటకుక్కలై, ఆ కాగితపు ముక్కల జాడబట్టి, కంచెలు దూకి, వాగులు దాటి వారిని తరుముదురు. రగ్బీ పాఠశాలలో 1838 లో ఆరంభమైన క్రిక్ రన్ అను పరుగు ఈ సంప్రదాయమునకు చెందినదే. ఆ పాఠశాల జీవితమును చిత్రించుచు థామస్ హ్యూజ్ 1857 లో ప్రకటించిన నవల "టామ్ బ్రౌన్స్ స్కూల్ డేస్" లో ఈ ఆట వర్ణింపబడినది. ఆ పుస్తకముతో దీని ఖ్యాతి బడిగోడలను దాటినది. 1868 లో లండనున థేమ్స్ హేర్ అండ్ హౌండ్స్ అను సంఘ మేర్పడినది. 1903 లో స్కాట్లండులోని హామిల్టన్ గుర్రపు పందెముల మైదానమున ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండు, వేల్సు జట్లు తలపడగా ఆల్‌ఫ్రెడ్ ష్రబ్ అను ఆంగ్లేయుడు గెలుపొందెను. ప్రపంచ క్రాస్ కంట్రీ పోటీ లనబడునవి 1973 లో బెల్జియములోని వారెగెమ్ పట్టణమున మొదలైనవి. కాగితపు ముక్కలు పోయినవి, సున్నపు గీతలును జెండాలును వచ్చినవి. కాని పెద్దలు దేశముల పేర పరుగెత్తు ఈ పందెమునకు మూలము బడిపిల్లల ఆటయే యను సంగతి నాకెప్పుడును సంతోషము కలిగించును.

ఇంతవరకు చెప్పినది ఒంటరిగా గెలుచుటను గూర్చి. కాని ఈ పరుగున జట్టుపందెము కూడ కలదు. నాకు ప్రియమైనది అదియే. ప్రపంచ పోటీలలో ఒక్కొక్క జట్టునుండి ఆరుగురు పరుగెత్తగా, వారిలో ముందు వచ్చిన నలుగురి స్థానములను కూడుదురు. ఎవరి మొత్తము తక్కువయో వారిదే గెలుపు. ఒక జట్టువారు 1, 2, 3, 40 స్థానములలో వచ్చిరనుకొందము, కూడగా 46. వేరొక జట్టువారు 8, 10, 12, 14 స్థానములలో వచ్చిరి, కూడగా 44. మొదటి మూడు పతకములును తమవే యైనను మొదటి జట్టు ఓడినట్లే. ఏడుగురి తరువాతగాని తమ పేరు వినబడని రెండవ జట్టు గెలిచినట్లే. కాబట్టి జట్టు తలరాతను వ్రాయువాడు మొదటివాడు కాడు, నాలుగవవాడు. అందరికంటె ముందు వచ్చినవానికి చప్పట్లు ఎట్లును దక్కును. నాలుగవవాడు ముప్పదవ స్థానమున పరుగెత్తుచు, తన ముందున్న ఇద్దరిని దాటుటవలన ఏమి లాభమని తలపక దాటవలెను. ఎవరును చూడని చోట, చేని నడుమ, వాడు చేయు ఆ పనియే జట్టునకు పతకము తెచ్చును.

ఇందుకు చరిత్రలో 1924 నాటి పారిస్ ఒలింపిక్ పరుగును మించిన దృష్టాంతము లేదు. జులై 12 వ తేదీన, నలువది డిగ్రీలు మించిన ఎండలో, కొలంబ్ ప్రాంతమున సేన్ నది ఒడ్డున, మోకాలెత్తు కలుపుమొక్కలు పెరిగిన దారిలో పది కిలోమీటర్లకు పైబడిన పందెమును నిర్వాహకులు జరిపిరి. బయలుదేరినవారు 38 మంది. గమ్యము చేరినవారు 15 మంది. తక్కినవారు దారిలోనే సొమ్మసిల్లిరి, కూలిరి, దారి తప్పిరి. రెండు దినముల క్రిందటనే ఒకే మధ్యాహ్నమున 1500 మీటర్లను, 5000 మీటర్లను గెలిచియున్న ఫిన్లండు వీరుడు పావో నూర్మి, ఆ ఎండ తనకు సోకనట్లే వచ్చి, రెండవవానికంటె నిమిషమునకు పైగా ముందుగా గెలిచెను. రెండవవాడు అతని దేశీయుడే, విల్లె రిటోలా. జట్టుపందెమున ఆనాడు ముగ్గురి స్థానములను లెక్కించుచుండిరి. కావున ఫిన్లండునకు మూడవవాడు కావలెను. ఆ మూడవవాడు హైకి లీమటైనెన్. గమ్యమునకు కొద్ది గజముల దూరమున అతడు నిలిచిపోయెను. ఎండదెబ్బచే మతి చెదరి, పందెము ముగిసినదనుకొని వెనుదిరిగెను. చూచువారు కేకలు వేసి, దారి చూపి మరలించిరి. అడుగు తరువాత అడుగు వేయుచు, తూలుచు, ఆ కొద్ది గజములను దాటి పండ్రెండవవాడుగా గీతను చేరెను; ఫిన్లండునకు జట్టు స్వర్ణము లభించెను. నూర్మి పేరు లోకమెరుగును. లీమటైనెన్ పేరెరిగినవారు కొలదిమంది. కాని వాడు ఆ గీత దాటనిచో నూర్మి, రిటోలాల పరుగు జట్టునకు అక్కరకు రాకపోయెడిది. ఆ పందెపు దురవస్థను చూచి ఒలింపిక్ సంఘమువారు క్రాస్ కంట్రీని తమ క్రీడలనుండి తొలగించిరి. నేటివరకు అది మరల చేరలేదు.

ఎండను గూర్చి మన సీమవారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఏడాదికి అరువది డెబ్బది సెంటీమీటర్ల వానతో కాలము గడుపు కర్నూలు, కడప జిల్లాలలో గాలి పొడిగా నుండుటచే చెమట పుట్టినంతనే ఆరిపోవును. ఒంటిమీద తడి కనబడదు గనుక, ఒంటిలోని నీరు తరుగుచున్నదను సంగతి పరుగెత్తువానికి తెలియదు. తెలియునప్పటికి కాళ్లు బిగుసుకొనును. ఈ ప్రమాదము పిల్లలకే కాదు, లోకమున మేటి యనిపించుకొన్నవారికిని తప్పలేదు. 2017 మార్చిలో ఉగాండా రాజధాని కంపాలాలో జరిగిన ప్రపంచ పోటీయందు, స్వదేశీయుల కోలాహలము నడుమ అందరికంటె ముందు పరుగెత్తుచుండిన ఇరువదేండ్ల జాషువా చెప్టెగై, చివరి చుట్టున కాళ్లు తడబడి, ఒక్కొక్కరే తన్ను దాటిపోవుచుండగా ముప్పదవ స్థానమున ముగించెను. రెండేండ్లకు, 2019 లో డెన్మార్కులోని ఆర్హూస్‌లో, అదే చెప్టెగై ప్రపంచ విజేత యయ్యెను. అట్టివానికే అది పాఠమైనప్పుడు, మన పాఠశాలల పోటీలు ఎండ ఎక్కకముందే, ఆరున్నర ఏడు గంటలకే ముగియవలెననియు, పిల్లలకు నీళ్లు దారిలోనే అందవలెననియు నొక్కి చెప్పుట అతిజాగ్రత్త యనిపించుకొనదు. అతిథుల రాకకై, ఉపన్యాసములకై పిల్లలను పది గంటలవరకు ఎండలో నిలబెట్టిన ఆరంభోత్సవమును నేనొకచోట చూచితిని. ఆనాడు గీత దాటినపిదప వాంతి చేసికొన్న బాలుని ముఖమును నేను మరువలేదు.

అయినను ఈ పరుగునకు మా నేలకంటె తగిన నేల ఏది? పడమటి కర్నూలున నల్లరేగడి. వానకాలమున పాదమునకు శేరు మట్టి అంటుకొనును, వేసవిని చీలమండ పట్టునంత నెర్రెలు విచ్చును, ఈ రెండింటి నడుమ చలికాలపు మూడు నెలలు మాత్రము పరుగునకు అనువుగా, మెత్తగా, గట్టిగా నుండును. బేతంచెర్ల వైపు పోయిన కొలది నాపరాతి పలకలు పైకి తేలును. వానిపై పరుగు మోకాళ్లకు చేటు. కడప జిల్లాలో పాలకొండల క్రింద గరుసు నేల. పెన్న, పాపాఘ్ని నదులలో ఏడాదిలో అధికభాగము నీటికి బదులు ఇసుకయే ప్రవహించుచుండును గనుక, తొడలలో బలము పెంచుటకు అంతటి వ్యాయామశాల వేరొకటి లేదు. సుంకేసుల వద్ద తుంగభద్రనుండి బయలుదేరి కడపవరకు సాగు కె.సి. కాలువ కట్టమీది మట్టిబాటను, కాలువ కడుపున పుట్టిన పరుగుబాట యనవచ్చును. ఆ కట్టపై పోలీసు ఉద్యోగముల పరీక్షలకై వేకువనే పరుగెత్తు యువకులను నేను చూచుచుందును.

ఈ నేలకు పరుగునకు గల చుట్టరికమును తలచినపుడు నాకు కలివికోడి జ్ఞప్తికి వచ్చును. కడప జిల్లాలోని లంకమల అడవి అంచున కంపపొదల నడుమ బ్రతుకు ఈ చిన్న పక్షి, రెక్కలుండియు, ఎగురుటకంటె పరుగెత్తుటకే ఇష్టపడును. 1900 తరువాత ఎవరికిని కనబడక, అంతరించినదని అందరును తలచియుండగా, 1986 లో సిద్ధవటము దాపున మరల దొరికినది. పొదకు పొదకు నడుమగల ఖాళీ నేలయే దానికి ప్రాణము. చెట్లు దట్టమైనను నిలువలేదు, నేలను చదునుచేసి దున్నినను నిలువలేదు. బయలును ప్రాణముగా గల జీవి మా సీమలో ఒకటున్నదని చెప్పుటకే ఈ ప్రస్తావన. ఇక పిల్లలవద్దకు మరలుదును.

పాఠశాలల క్రీడలకు దేశమున పెద్దదిక్కు 1954 లో ఏర్పడిన భారత పాఠశాల క్రీడా సమాఖ్య. 14, 17, 19 ఏండ్ల లోపువారను మూడు తెగలుగా పిల్లలను విభజించి, మండలము, జిల్లా, రాష్ట్రము అను మెట్లమీదుగా జాతీయ పోటీలకు పంపుదురు. అథ్లెటిక్ సమాఖ్యవారు జరుపు జాతీయ క్రాస్ కంట్రీ పోటీలు వేరు. వానిలో 16 ఏండ్ల లోపు బాలబాలికలకు 2 కిలోమీటర్లు. 18 ఏండ్ల లోపు బాలురకు 6, బాలికలకు 4. 20 ఏండ్ల లోపువారిలో యువకులకు 8, యువతులకు 6 కిలోమీటర్లు. బాలికలకు దూరమును తగ్గించుటకు గల కారణము నాకెన్నడును బోధపడలేదు. బిందె చంకనెత్తుకొని రోజుకు రెండుసార్లు ఊరిబయటి బోరువరకు పోయివచ్చు పదునారేండ్ల పిల్లకు, మరి రెండు కిలోమీటర్లు బరువగునా? ప్రపంచ పోటీలలో పెద్దలకు ఈ భేదమును 2017 నుండి తొలగించి, స్త్రీ పురుషులకు సమముగా 10 కిలోమీటర్లే విధించిరి. బడిపిల్లలకు కూడ ఆ న్యాయము తగులునని నా నమ్మకము.

కడప నగరపు శివారున, పుట్లంపల్లి వద్ద ప్రభుత్వ క్రీడా పాఠశాల కలదు. నాలుగవ తరగతి ప్రవేశమునకై జరుపు శారీరక పరీక్షలలో, నిలిచిన చోటునుండి దూకుట, బరువుబంతి విసరుట మున్నగువానితోపాటు 800 మీటర్ల పరుగు కూడ ఉండును. తొమ్మిదేండ్ల పసివాడు చెప్పులు విడిచి, ఆ రెండు చుట్లను ఎట్లు పరుగెత్తునో చూచి, వానిలోని దమ్మును పెద్దలు అంచనా వేయుదురు. దమ్ము అను మాటను మా సీమవారు ఊపిరికిని, తెగువకును కలిపి వాడుదురు. ఈ పరుగున ఆ రెండును వేరుగావు.

విదేశములలో బడిపిల్లల చేలెంబడి పరుగు ఎంత విస్తరించినదో తెలిసికొనుటకు అమెరికాను చూడవలెను. ఆ దేశపు ఉన్నత పాఠశాలలలో నాలుగు లక్షలకు పైబడిన పిల్లలు ఏటేట ఈ పరుగులలో పాల్గొందురు. శరదృతువున 5 కిలోమీటర్ల పరుగు. జట్టునకు ఏడుగురు, లెక్కకు ఐదుగురు. ఐదుగురును వరుసగా మొదటి ఐదు స్థానములు గెలిచినచో మొత్తము 15, అంతకు తక్కువ అసంభవము. ఆరవ, ఏడవ పిల్లలు లెక్కలోనికి రాకున్నను, ఎదుటిజట్టులోని ఐదవవానికంటె ముందు వచ్చినచో వాని సంఖ్యను పెంచి తమ జట్టునకు మేలు చేయుదురు. ఈ సూక్ష్మము నాకెంతయు నచ్చినది. 1979 నుండి దేశమంతటి మేటి పిల్లలను ఒకచోట చేర్చి పందెము నడపుచున్నారు. 2000 సంవత్సరమున ఓర్లాండోలో జరిగిన ఆ పందెమును పరుగు తెలిసినవారు నేటికిని చెప్పుకొందురు: మిషిగన్ బాలుడు డేథన్ రిట్జెన్‌హైన్ మొదటివాడు, అలన్ వెబ్ రెండవవాడు, రయన్ హాల్ మూడవవాడు. ముగ్గురును తరువాత ఆ దేశపు పరుగుచరిత్రలో పేరు నిలిపినవారే. మరుసటి ఏటి వసంతమున రిట్జెన్‌హైన్ బెల్జియములోని ఓస్టెండ్‌లో, బురదనేలపై జరిగిన ప్రపంచ పోటీయందు, ఇరువదేండ్ల లోపువారిలో ఆఫ్రికా బాలుర నడుమ మూడవవాడుగా వచ్చెను. ఆ పందెమున అందరికంటె ఎంతో ముందుగా గీత దాటినవాడు కెనెనిసా బెకెలే అను ఇథియోపియా యువకుడు. పిమ్మట ప్రపంచ క్రాస్ కంట్రీలో పెద్దల వ్యక్తిగత స్వర్ణములను పదునొకండు గెలిచి, ఈ క్రీడకు చక్రవర్తి యైనవాడు.

ఆ బెకెలే ఊరు బెకోజీ. సముద్రమట్టమునకు ఎంతో ఎత్తుననున్న చిన్న సేద్యపుటూరు. ఆ ఊరి ప్రాథమిక పాఠశాలలో సెంటాయెహు ఎషెటు అను డ్రిల్లు మాస్టారు ఉండెను. 1992 లో బార్సిలోనా ఒలింపిక్‌లో 10,000 మీటర్లు గెలిచిన దెరార్తు తులు, ఆమె వెనుక బెకెలే, తిరునేష్ దిబాబా - వీరందరును ఆయన చేతిమీదుగా పరుగు నేర్చినవారే. ఒక్క ఊరు, ఒక్క బడి, ఒక్క మాస్టారు! కెన్యాలోని ఇటెన్ గ్రామమునకు 1976 లో కోల్మ్ ఓకానెల్ అను ఐర్లండు సన్యాసి భూగోళశాస్త్రము బోధించుటకై వచ్చెను. పరుగును గూర్చి ఆయనకు శాస్త్రజ్ఞానమేమియు లేదు. సెయింట్ పాట్రిక్స్ ఉన్నత పాఠశాల పిల్లలు పరుగెత్తుటను చూచి చూచి నేర్చుకొనెను. 1988 లో సియోల్ ఒలింపిక్‌లో 1500 మీటర్లు గెలిచిన పీటర్ రోనో ఆయన శిష్యుడు. 2012 లో లండనున 800 మీటర్లను 1:40.91 లో ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పిన డేవిడ్ రుడిషా ఆయన శిష్యుడు. ఆ ఊళ్లకు కొండల ఎత్తును, పలుచని గాలియును కలసివచ్చినవి. కర్నూలు మూడు వందల మీటర్ల ఎత్తు కూడ లేదు, కడప నూటయేబది కూడ లేదు. ఆ తేడాను దాచి గొప్పలు చెప్పుట తగదు. కాని ఎత్తొక్కటియే చాలినచో హిమాలయములలోని ప్రతి పల్లెయు బెకోజీ కావలసియుండెను. ప్రతి సాయంకాలమును, ఏండ్ల తరబడి, అదే పిల్లలను చూచుచు నిలిచిన మనిషి అక్కడ ఉండెను.

మా డ్రిల్లు మాస్టారు అట్టివాడే. చేతిలో ఒక ప్లాస్టిక్ స్టాప్‌వాచ్, మెడలో ఈల, చంకలో అట్ట ఊడిన నోటుబుక్కు. ఆ పుస్తకమున పిల్లల పేర్లకెదురుగా తేదీలు, నిమిషములు, సెకండ్లు నింపియుండగా, కొన్ని గళ్లలో మాత్రము అంకెకు బదులు ఒక్క మాట వ్రాసియుండెను: సుగ్గి.

పడమటి కర్నూలు ఎరుగనివారికి ఆ మాటను వివరింపవలెను. కోసిగి, కౌతాళము, హొళగుంద, ఆలూరు ప్రాంతములలో ఖరీఫు పంట ఇంటికి వచ్చినను రాకున్నను, కార్తికము దాటినంతనే కూలిజనము మూటలు కట్టి, ఇంటికి తాళమువేసి, గుంటూరు వైపు పత్తి తీయుటకు, మిరపకాయలు కోయుటకు తరలిపోవుదురు. దీనినే సుగ్గికి పోవుట యందురు. లారీలలో, టెంపోలలో, వంటపాత్రలతో, కోళ్లతో, పిల్లలతో పోవుదురు, ఉగాదికి మరలుదురు. పసిపిల్లలను చూచుకొనుటకు పదేండ్ల పిల్లయు, కాయ కోయుటకు పదునాలుగేండ్ల పిల్లయు వెంటపోవలసినదే. ఆ నెలలలో పిల్లలను ఊరనే నిలుపుటకై సమగ్ర శిక్ష పేర సీజనల్ హాస్టళ్లను నడపుచున్నారు. వానివలన నిలిచిన పిల్లలను నేనెరుగుదును. అయినను తల్లి పోవుచుండగా హాస్టలులో ఒంటరిగా ఉండుటకు ఒప్పుకొనని పిల్లలును, వయసు వచ్చిన ఆడపిల్లను విడిచిపోవుటకు మనసురాని తల్లులును ఉందురు. వారిని తప్పుపట్టుట నాకు చేతగాదు.

చేలెంబడి పరుగుపోటీలు జరుగునదియు ఆ చలికాలముననే. నేల అనువుగా, ఎండ మెత్తగా నుండి, పిల్లవాని దమ్ము పెరుగవలసిన ఆ మూడు నెలలే, వాడు మిరప చేలలో నడుము వంచి యుండు నెలలు. మాస్టారు ఆషాఢమునుండి ఆరుగురిని ఎంచి తీర్చిదిద్దును. మార్గశిరమునకు ముగ్గురు మిగులుదురు. ముగ్గురితో జట్టు కాదు. మొదటి ముగ్గురు ఎంత వేగముగా పరుగెత్తినను, నాలుగవ అంకె లేనిచో కూడుటకు మొత్తమే లేదు.

నేను పోయిన ఉదయమున బాలికల జట్టు స్థితి అదియే. ముగ్గురు బాగుగా పరుగెత్తుచుండిరి. నాలుగవ పిల్ల, మిట్టమీద అందరికంటె ధాటిగా పోవునని మాస్టారు మెచ్చుకొనుచుండినది, పక్షము క్రిందట సుగ్గికి పోయినది. "వాళ్లమ్మానాయనా పోతా పోతా పిల్సుకోని పోయినారు సార్" అని పిల్లలు చెప్పిరట. ఆమెకు బదులుగా ఆమె చెల్లెలిని, అవ్వ యొద్ద మిగిలిన ఎనిమిదవ తరగతి పిల్లను, మాస్టారు జట్టున చేర్చెను. మిట్ట కడ మెల్లగ పొమ్మని ఆ వృద్ధురాలు హెచ్చరించిన చిన్నది ఈ పిల్లయే.

తక్కినవారందరును వచ్చి, కుండలోని నీళ్లు త్రాగి, వేపచెట్టు నీడన కూర్చుండి, మాస్టారు తెచ్చిన వేయించిన బుడ్డలు ఒలుచుకొని తినుచుండిరి. ఆయన మాత్రము గీతయొద్ద కదలక, వాచి వైపు, మిట్ట వైపు మార్చిమార్చి చూచుచుండెను. చాలసేపటికి ఎర్రమిట్టమీద ఒక చుక్క కనబడినది, దిగినది, వంకలో మాయమైనది, చేని గట్టుపై తేలినది. గుచ్చిన పిన్నీసు ఊడి, నంబరుగుడ్డ చేతబట్టుకొని, ఎడమకాలు కొంచె మెగరవేయుచు వచ్చి గీత దాటి, అక్కడనే చదికిలబడి, అరికాలు త్రిప్పిచూచుకొని పల్లేరుకాయను గోటితో పెరికివేసినది. మాస్టారు వాచి నొక్కి పుస్తకము తెరచెను.

"సార్, నేను లెక్కలోకొస్తానా?"

"వస్తావమ్మా. నాలుగోదానివి నువ్వే గదా."

ఆ పిల్ల కొంతసేపు ఊపిరి తీసికొని, "మా అక్క ఉగాదికొస్తాది సార్. అప్పుడు అక్కనే పెట్టుకోండి, నాకంటే బాగా పరుగెత్తుతాది" అన్నది.

జిల్లా పోటీలు సంక్రాంతికి ముందే. మాస్టారు ఆ మాట చెప్పలేదు. తేదీ వేసి, పేరు వ్రాసి, దాని యెదుట నిమిషములు, సెకండ్లు వ్రాసెను.